విశాఖపట్నంలో ఓడ ఎక్కేముందు, దిగిన తరువాత బస: చోటు చూసి హోటల్ ఎంచుకోవడం ఎలా?

విశాఖపట్నం ఓడరేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభమైంది. అంతకు ఏడాది ముందే, 2022 జూన్‌లో, కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ నౌక ఇక్కడినుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికులను తీసుకువెళ్ళింది. ఓడ విహారమంటే ముంబయి దాకా వెళ్ళాలనుకునే తెలుగువారికి అప్పటినుంచి ఆ సరదా దగ్గరైంది. హైదరాబాదు, విజయవాడ, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం నుంచి వచ్చేవారు ఓడ టికెట్టు నెలల ముందే కొనుక్కుంటారు గానీ, ఎక్కేముందు రాత్రి ఎక్కడ పడుకోవాలి, దిగిన రోజు ఎక్కడ సేదతీరాలి అన్న సంగతి చివరి వారం దాకా తలపెట్టరు. అప్పుడు హడావిడిగా ఫోను తీసి, సముద్రం కనిపించే గది కోసం వెదికి, రుషికొండలోనో భీమిలి దారిలోనో దొరికినదాన్ని ఖాయం చేసుకుంటారు.

సముద్రాన్ని ఎలాగూ ఓడ మీద తనివితీరా చూస్తారు కాబట్టి, ఆ ముందు రాత్రి కూడా దానికోసమే అదనంగా చెల్లించనక్కరలేదని నా అభిప్రాయం. ఎక్కేముందు రాత్రికి టెర్మినల్ గేటును, దిగిన తరువాతి రాత్రికి మీరు పట్టుకోవలసిన రైలునో విమానాన్నో ముందు పెట్టుకుని వెదకండి. ఈ రెండు బసలకూ ఒకే హోటల్ సరిపోవాలన్న నియమమేమీ లేదు. చాలామందికి సరిపోదు కూడా.

మొదట మీ టికెట్లన్నీ పక్కపక్కన పెట్టుకోండి

హోటళ్ళ జాబితా తెరవకముందే ఓడ బోర్డింగ్ కాగితాన్ని, రాకపోకల రైలు లేదా విమాన టికెట్లను ఎదురుగా పెట్టుకుని, నాలుగు వేళలను ఒక కాగితం మీద రాసుకోండి. మీరు విశాఖలో దిగే వేళ, టెర్మినల్లో మీకు కేటాయించిన బోర్డింగ్ వేళ, తిరుగు ప్రయాణంలో ఓడ రేవుకు చేరే వేళ, ఊరు విడిచే వేళ. వీటిలో రెండవది జాగ్రత్తగా చదవాలి. ఓడ కదిలే సమయం వేరు, ప్రయాణికులను లోపలికి తీసుకోవడం ఆపే సమయం వేరు. సాయంత్రం కదిలే ఓడకు కూడా గేటు చాలా ముందే మూసివేస్తారు. సామాను అప్పగించడం, భద్రతా తనిఖీ, గుర్తింపు పత్రాల పరిశీలన అన్నీ ఆ లోపలే పూర్తికావాలి. రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు. అందుచేత దూరంనుంచి వచ్చేవారు ఓడ రోజునే ఊళ్ళోకి దిగే ఏర్పాటు పెట్టుకోకుండా, ముందు రోజే చేరడం మంచిది.

మూడవ వేళను కూడా ఇలాగే అనుమానించాలి. ఓడ తెల్లవారేసరికి రేవులో ఆగినా, మీరు వెంటనే రోడ్డు మీదికి రారు. డెక్కుల వారీగా, వరుసల వారీగా పిలుస్తారు, సామాను చేతికి రావడానికి మరికొంత సేపు పడుతుంది. ఏడింటికి ఆగిన ఓడలోంచి తొమ్మిది, పది గంటలకు బయటపడడం మామూలే. అదే ఉదయం బయలుదేరే రైలుకు టికెట్టు తీసుకోవద్దు.

మీది వెళ్ళి, తిరిగి ఇక్కడే దిగే ప్రయాణమా, లేక విశాఖలో ఎక్కి చెన్నైలో దిగేదా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. రెండవదైతే దిగిన తరువాతి బస చెన్నైలో వెదుక్కోవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో మొదటి సగమే మీకు పనికివస్తుంది.

పటంలో కనిపించే దూరాన్ని నమ్మకండి

క్రూజ్ టెర్మినల్ వెలుపలి రేవులో, అంటే అందరూ ఔటర్ హార్బర్ అనే చోట, ఊరి వైపు ఒడ్డున ఉంది. 1933లో తెరిచిన లోపలి రేవుకు ఓడలు వెళ్ళే కాలువ అక్కడే మొదలవుతుంది, కాలువకు ఆవలి ఒడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండ నిలబడి ఉంటుంది. పటం మీద చూస్తే కొండ వెనకనున్న యారాడ తీరం, ఇవతలనున్న మల్కాపురం, సింధియా ప్రాంతాలు టెర్మినల్‌కు కూతవేటు దూరంలో ఉన్నట్లే కనిపిస్తాయి. కాని మధ్యలో నీరుంది. అక్కడినుంచి రోడ్డు మీద రావాలంటే లోపలి రేవును చుట్టుకుని, కాన్వెంట్ జంక్షన్ వైపునుంచి, లారీల వరుసల మధ్యగా ఊళ్ళోకి రావాలి. యారాడలో రిసార్టు బాగుందని, ఓడకు దగ్గరని ఎవరైనా చెబితే, పటంలో గీత లాగి కాకుండా ‘దారి చూపు’ నొక్కి నిమిషాలు లెక్కపెట్టండి. ఆ లెక్క కూడా అర్ధరాత్రి ఇంట్లో కూర్చుని కాక, మీరు బయలుదేరబోయే వేళకే, పనిదినం నాడు చూడండి.

టెర్మినల్ చేరడానికి ఊరి వైపునుంచి ప్రధానంగా రెండు దారులున్నాయనుకోవచ్చు. ఒకటి బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ దాటి తీరం వెంబడి ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్ళేది. రెండవది జగదాంబ జంక్షన్ నుంచి పాత ఊరిలోకి దిగి, పాత పోస్టాఫీసు ప్రాంతం మీదుగా వెళ్ళేది. మీరు ఎంచుకునే హోటల్ ఈ రెండు దారుల్లో ఏదో ఒకదానికి చేరువలో ఉంటే, ఒకటి మూసుకుపోయినా రెండవది పట్టుకోవచ్చు. ఇది చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ, విశాఖలో దీనికి విలువ ఎక్కువ. బీచ్ రోడ్డులో కొంత భాగాన్ని తెల్లవారుజామున నడకకు వచ్చేవారి కోసం వాహనాలకు మూసివేస్తారు. నౌకాదళ విన్యాసాలు, మారథాన్లు, ఉత్సవాలు జరిగే రోజుల్లోనూ ఆ దారికే ముందుగా అడ్డుకట్టలు పడతాయి.

ఎక్కేముందు రాత్రికి: దక్షిణపు కొసకు దగ్గరగా

ఊరి పొడవును మనసులో గీసుకోండి. టెర్మినల్ దక్షిణపు కొసన ఉంది. అక్కడినుంచి తీరం వెంట ఉత్తరానికి వస్తే కోస్టల్ బ్యాటరీ, ఆర్.కె. బీచ్, పాండురంగాపురం, చినవాల్తేరు, లాసన్స్ బే, అప్పూఘర్, కైలాసగిరి, ఆ తరువాత టెర్మినల్ నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో రుషికొండ, ఇంకా పైకి భీమిలి వస్తాయి. తీరానికి లోపలి వైపున జగదాంబ, డాబాగార్డెన్స్, సూర్యాబాగ్, రైల్వే స్టేషన్, ఆసీల్‌మెట్ట, ద్వారకానగర్, సిరిపురం ఉన్నాయి. ఓడ ఎక్కేముందు రాత్రికి సిరిపురం దాటి ఉత్తరానికి పోవద్దన్నది నేను ఎవరడిగినా చెప్పే మాట. సిరిపురం నుంచి దక్షిణాన ఎక్కడున్నా, ట్రాఫిక్ కాస్త అటూ ఇటూ అయినా, గేటుకు చేరడం కష్టం కాదు.

డబ్బుకు వెనుకాడనివారికి బీచ్ రోడ్డులో, కోస్టల్ బ్యాటరీకి చేరువగా ఉన్న నోవోటెల్ వంటివి చోటు రీత్యా అందరికంటే ముందుంటాయి. గదిలోంచి రేవులోకి వచ్చే ఓడలను చూడవచ్చు. సముద్రం కనిపించే గది కావాలన్న పట్టుదల ఉంటే దాన్ని ఇక్కడే తీర్చుకోండి. వాల్తేరు మెయిన్ రోడ్డు, సిరిపురం వైపు గ్రీన్ పార్క్, ఫోర్ పాయింట్స్ వంటివి ఉన్నాయి; ఇవి తీరానికి కాస్త లోపలగా, గుట్ట మీద ఉన్నా, కిందికి దిగడానికి దారులు చాలా ఉన్నాయి. లాసన్స్ బే దగ్గరి పార్క్, పామ్ బీచ్ హోటళ్ళు ప్రశాంతంగా, తోటలతో బాగుంటాయి, కాని అవి బీచ్ రోడ్డు మీదనే ఆధారపడ్డవి కాబట్టి పైన చెప్పిన మూసివేతలను దృష్టిలో పెట్టుకోండి.

మధ్యతరగతి కుటుంబాలకు నా మొగ్గు జగదాంబ, డాబాగార్డెన్స్, సూర్యాబాగ్ ప్రాంతాల వైపే. దసపల్లా, డాల్ఫిన్ వంటి పాతకాలపు పేరున్న హోటళ్ళతో పాటు, రకరకాల ధరల్లో చిన్న హోటళ్ళు, లాడ్జీలు అక్కడే గుంపుగా ఉన్నాయి. రైల్వే స్టేషను, టెర్మినల్ రెండూ దగ్గరే. అంతకంటే ముఖ్యం, ఓడ ఎక్కేముందు మరిచిపోయినవన్నీ అక్కడ దొరుకుతాయి. సముద్రం మీద వాంతులకు మాత్రలు, ఎండకు టోపీ, పిల్లవాడికి చెప్పులు, ఫోను చార్జరు, ఇంట్లో వదిలేసిన కళ్ళజోడుకు బదులు ఇంకొకటి, ఇవన్నీ రాత్రి తొమ్మిదింటికి జగదాంబ సెంటర్లో నడిచి వెళ్ళి కొనుక్కోవచ్చు. రుషికొండలో అదే పనికి కారు మాట్లాడుకోవాలి.

ఒక్క జాగ్రత్త. ఈ ప్రాంతంలో వీధులు ఎత్తుపల్లాలు. కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గరి వాలు, అందరూ కేజీహెచ్ డౌన్ అనే చోట నిలబడి పైకి చూస్తే సంగతి అర్థమవుతుంది. చక్రాల పెట్టెను ఒక చేత్తో, పెద్దవారి చేయి ఇంకో చేత్తో పట్టుకుని ఆ వాలు ఎక్కుతుంటే పెట్టె వెనక్కి లాగుతూ ఉంటుంది. ‘స్టేషనుకు అర కిలోమీటరు’ అని రాసిన హోటల్ నిజంగా అంత దగ్గరే కావచ్చు, కాని ఆ అర కిలోమీటరు ఎక్కుడా, సమతలమా అన్నది ఫొటోలో తెలియదు. మోకాళ్ళ నొప్పులున్నవారు వెంట ఉంటే హోటల్‌కు ఫోను చేసి, వాకిలి దాకా కారు వస్తుందా, లోపల లిఫ్టు నేలమట్టం నుంచే ఉందా, లేక కొన్ని మెట్లెక్కిన తరువాత మొదలవుతుందా అని అడగండి. పాత భవనాల్లో ఈ రెండవ రకం లిఫ్టులు ఇంకా ఉన్నాయి.

టెర్మినల్‌కు మరీ ఆనుకుని, పాత ఊళ్ళో ఉన్న చిన్న లాడ్జీల మాట ఏమిటంటారా? దూరం చూస్తే వాటికి సాటి లేదు. కాని ఫిషింగ్ హార్బర్ పక్కన తెల్లవారకముందే చేపల వేలం, మంచు దిమ్మలు దించే బళ్ళ రొద మొదలవుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు కొంత నెమ్మదిగా ఉంటుంది. నిషేధం తొలగిన తరువాత వచ్చేవారు వాసన, చప్పుడు రెండింటికీ సిద్ధపడి రావాలి. ఒంటరిగా, తక్కువ ఖర్చులో తిరిగే యువకులకు ఇది పెద్ద సమస్య కాదు. కుటుంబాలకు నేను చెప్పను.

రాత్రి పొద్దుపోయి ఊళ్ళోకి దిగేవారు ఈ లెక్కను కాస్త సవరించుకోవాలి. సికింద్రాబాదు నుంచి మధ్యాహ్నం బయలుదేరే వందేభారత్ విశాఖ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అటువంటప్పుడు స్టేషనుకు, ఆర్టీసీ కాంప్లెక్సుకు మధ్యనున్న హోటళ్ళలో ఆ రాత్రి తలదాచుకుని, మర్నాడు తీరిగ్గా టెర్మినల్‌కు వెళ్ళడమే మేలు. మరొక చిక్కు కూడా ఉంది. దూరప్రాంతపు రైళ్ళు కొన్ని విశాఖ స్టేషనులోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. దువ్వాడ గాజువాక అవతల, ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. మీ టికెట్టు మీద దిగే స్టేషను పేరు దువ్వాడ అని ఉంటే, అర్ధరాత్రి అక్కడినుంచి వచ్చే కారు ఖర్చును, సమయాన్ని ముందే కలుపుకోండి.

దిగిన తరువాతి బసకు లెక్క వేరు

ఓడ దిగే ఉదయం మీకు తొందర ఉండదు. అలసట, ఉతకవలసిన బట్టలు, సామాను ఉంటాయి. ఇక్కడ అసలు సమస్య దూరం కాదు, గది ఇచ్చే వేళ. పెద్ద హోటళ్ళు మధ్యాహ్నం పన్నెండుకో రెండుకో గది ఇస్తాయి, మర్నాడు పదకొండుకో పన్నెండుకో ఖాళీ చేయమంటాయి. మీరు పది గంటలకే సామానుతో వాకిట్లో నిలబడతారు. కాబట్టి మొదట తేల్చుకోవలసింది మీకు రాత్రి బస నిజంగా కావాలా అన్నది.

అదే రోజు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో సికింద్రాబాదు వైపు వందేభారత్ ఉంది, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది. వేళలు మారుతుంటాయి కనుక టికెట్టు తీసేముందు చూసుకోవాలి. హైదరాబాదు వైపు వెళ్ళేవారికి రాత్రి గది బదులు నాలుగైదు గంటల విశ్రాంతి చాలు. అందుకు రైల్వే విశ్రాంతి గదులు ఉన్నాయి. ఖాయమైన టికెట్టు నంబరుతో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో ముందే తీసుకోవచ్చు. ఊళ్ళోని చాలా లాడ్జీలు 24 గంటల పద్ధతిలో నడుస్తాయి, అంటే మీరు పదింటికి దిగితే మర్నాడు పదింటిదాకా గది మీదే. ఖరీదైన హోటల్ లాబీలో రెండు గంటలు సోఫా మీద కునుకుతూ కూర్చోవడంకంటే, శుభ్రంగా ఉన్న 24 గంటల లాడ్జీలో దిగి, స్నానం చేసి, వేడి భోజనం తెప్పించుకోవడం ఎంతో హాయి. నక్షత్రాల సంఖ్య ఆ పూటకు ఏ విధంగానూ పనికిరాదు.

మర్నాడు అరకు వెళ్ళాలనుకునేవారు తప్పనిసరిగా స్టేషను దగ్గరే ఉండాలి. అద్దాల పెట్టె ఉన్న కిరండూల్ రైలు ఉదయం ఏడు లోపే కదులుతుంది, ఆ టికెట్టు దొరకడమే గగనం; దొరికిన టికెట్టును దూరపు హోటల్ వల్ల పోగొట్టుకోవద్దు. సింహాచలం దర్శనం చేసుకుని విమానం ఎక్కాలనుకునేవారికి ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు వైపు బస అనుకూలం. పాత విమానాశ్రయం అక్కడికి దగ్గర, కొండ కూడా దగ్గర.

విమానం విషయంలో ఒక ప్రశ్న తప్పక వేసుకోండి: టికెట్టు మీద ఉన్నది ఏ విమానాశ్రయం? ఎన్.ఏ.డి. దగ్గరిది ఊరిని ఆనుకునే ఉంది. భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం విజయనగరం జిల్లాలో, ఊరికి ఈశాన్యంగా దాదాపు 45 కిలోమీటర్లకు పైన ఉంది. భోగాపురం నుంచి ఎగరవలసినవారికి నేను ఇంతవరకు వద్దన్న రుషికొండ, మధురవాడ, భీమిలి ప్రాంతాలే సరైన బస అవుతాయి. అప్పుడు రుషికొండలోని రాడిసన్ బ్లూ వంటివి చూడవచ్చు. ఓడ దిగి, కైలాసగిరి, తొట్లకొండ చూసుకుంటూ ఉత్తరానికి జరిగి, మర్నాడు జాతీయ రహదారి ఎక్కితే ప్రయాణం ఒకే దిశలో సాగుతుంది.

దిగిన రోజు ఊరు చూడాలనుకుంటే సామాను మొదట హోటల్లో పెట్టి బయలుదేరండి. ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి, దాని ఎదురుగా టీయూ 142 విమాన ప్రదర్శనశాల ఉన్నాయి. జలాంతర్గామిలో గది నుంచి గదికి గుండ్రటి ఇరుకు తలుపుల్లోంచి వంగి దూరాలి, పెట్టెతో కుదరదు. మ్యూజియాలు సోమవారం మూసి ఉంటాయేమో చూసుకోండి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి పాత ఊళ్ళోనే, రేవుకు దగ్గరగా ఉంది. మార్గశిర గురువారాల్లో మాత్రం ఆ వీధుల్లోకి కారు తీసుకుని వెళ్ళాలన్న ఆలోచనే వద్దు.

సొంత కారులో వచ్చేవారికి

రాజమహేంద్రవరం, విజయవాడ నుంచి కారులో వచ్చే కుటుంబాలు ఎక్కువ. వీరి విషయంలో పైన చెప్పిన రెండు హోటళ్ళ సూత్రాన్ని పక్కన పెట్టాలి. ఓడ మీద ఉన్నన్ని రోజులూ కారు ఎక్కడ ఉంటుందన్నదే వీరికి మొదటి ప్రశ్న. ఎక్కేముందు రాత్రి, దిగిన రాత్రి రెండూ ఒకే హోటల్లో తీసుకుంటామని చెబితే, మధ్య రోజులకు కారును తమ ఆవరణలో ఉంచుకోవడానికి చాలా హోటళ్ళు ఒప్పుకుంటాయి. నోటిమాటతో సరిపెట్టుకోకండి. కారు నంబరు, తేదీలు, రుసుము ఉంటే ఎంత అన్నది వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. సెల్లారులో పార్కింగు ఉన్న హోటళ్ళలో జూన్ తరువాత వానలకు నీళ్ళు చేరతాయా అని అడగడం అతిజాగ్రత్త అనుకోవద్దు. తాళం వారికి ఇవ్వవలసి వస్తే, కిలోమీటర్ల మీటరును వారి ఎదుటే ఫొటో తీసుకోండి.

ఫోనులో అడగవలసిన మాటలు

బుకింగ్ యాప్‌లో ఉన్న వివరాలు సగమే. మీరు తుది నిర్ణయానికి ముందు హోటల్ రిసెప్షన్‌కు నేరుగా ఫోను చేయండి. ఇలా అడిగితే సరిపోతుంది: ‘అండీ, మేం ఫలానా తేదీ పొద్దున్న ఓడ దిగి పదింటికల్లా వస్తాం. గది అప్పటికి సిద్ధంగా లేకపోతే సామాను టోకెన్ ఇచ్చి పెట్టుకుంటారా? స్నానానికి చోటు ఉంటుందా? ముందుగా గది ఇస్తే ఎంత అదనంగా పడుతుంది?’ ఎక్కేముందు రాత్రికైతే వేరే ప్రశ్నలు: ‘మర్నాడు పన్నెండుకు గది ఖాళీ చేసి, మూడింటిదాకా సామాను మీ దగ్గర ఉంచవచ్చా? క్రూజ్ టెర్మినల్‌కు కారు మీరే మాట్లాడి పెడతారా, ఎంతవుతుంది?’ అవతలివారు ‘చూద్దాం సార్’ అన్నారంటే దాన్ని కాదనే లెక్కవేసుకోండి. ‘ఉంటుందండీ, మేనేజరు గారికి చెప్పి రాసి పెడతాను’ అన్నవారి పేరు, మాట్లాడిన వేళ రాసుకోండి.

టెర్మినల్ అని చెప్పినప్పుడు వారికి ఏది అర్థమైందో కూడా గమనించండి. అండమాన్ వెళ్ళే ప్రయాణికుల నౌక కూడా ఇదే రేవునుంచి అప్పుడప్పుడు బయలుదేరుతుంది, అది ఆగే బెర్తు, అంటే రేవులో ఓడ నిలిచే చోటు, వేరు కావచ్చు. ‘పోర్టు గేటు’ అంటే ఆటో డ్రైవరు మిమ్మల్ని ఎక్కడో దింపి వెళ్ళిపోగలడు, ఎందుకంటే పోర్టుకు గేట్లు అనేకం. బోర్డింగ్ కాగితంలో ఉన్న గేటు పేరును, పటంలోని గుర్తును డ్రైవరుకు ముందే చూపించండి.

డబ్బు, రద్దు నిబంధనలు, గుర్తింపు పత్రాలు

గది అద్దె రాత్రికి 7,500 రూపాయలు, అంతకు లోపు ఉంటే జీఎస్‌టీ 5 శాతం, దాటితే 18 శాతం. 7,400 గదికి, 7,600 గదికి మధ్య నిజమైన తేడా 200 రూపాయలు కాదన్నమాట. లెక్కవేస్తే పన్నుతో కలిపి పన్నెండు వందల దాకా తేలుతుంది. యాప్ మొదట చూపేది తరచుగా పన్ను లేని ధర, చివరి పేజీ దాకా వెళ్ళి పోల్చుకోండి.

రద్దు చేస్తే డబ్బు తిరిగివచ్చే రకాన్నే తీసుకోండి, కొంచెం ఎక్కువైనా సరే. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదనే తీరం దాటింది. వానాకాలంలో కూడా వాయుగుండం పడితే ఓడ వేళలు, దారి మార్చే హక్కు సంస్థలు తమ నిబంధనల్లో రాసుకునే ఉంటాయి. ఓడ ఒక రోజు వెనక్కి జరిగితే, రద్దు కాని గదికి కట్టిన డబ్బు మీకు నీళ్ళపాలే.

గుర్తింపు కోసం అందరు పెద్దవారి ఆధార్, ఓటరు కార్డు లేదా పాస్‌పోర్టు అసలు ప్రతులు దగ్గర ఉంచుకోండి. పాన్ కార్డులో చిరునామా ఉండదు కాబట్టి హోటళ్ళు దాన్ని తీసుకోవు. అమెరికా నుంచి వచ్చిన పిల్లలు, అల్లుళ్ళు వెంట ఉంటే ఒక సంగతి ముందే చెప్పాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారి వివరాలను హోటళ్ళు 24 గంటలలోపు ప్రభుత్వానికి పంపాలి, ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జీలు వారిని దింపుకోవు. అర్ధరాత్రి రిసెప్షన్ దగ్గర ఈ సంగతి తెలిస్తే ఇంటిల్లిపాదీ వీధిన పడతారు.

తేదీలను ఊరి పంచాంగంతో సరిచూడండి

ఓడ జూన్, జూలై నెలల్లో అయితే ఆషాఢ పౌర్ణమి ఎప్పుడొచ్చిందో చూడండి. దానికి ముందు రోజునుంచి సింహాచలం గిరిప్రదక్షిణ మొదలవుతుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, ఎన్.ఏ.డి. వైపు రోడ్లలో వాహనాలను మళ్ళిస్తారు. ఆ రోజున ఉత్తరాన, విమానాశ్రయం వైపు బస చేసినవారు టెర్మినల్‌కు రావడం గాని, టెర్మినల్ నుంచి వెళ్ళడం గాని పరీక్షే అవుతుంది. జగదాంబ వైపు ఉన్నవారికి ఆ బెడద తక్కువ. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం, ఆర్.కె. బీచ్‌లో విన్యాసాలు ఏర్పాటైన సంవత్సరాల్లో, వాటికి ముందు జరిగే రిహార్సళ్ళ సాయంత్రాల్లో కూడా బీచ్ రోడ్డు హోటళ్ళలో గదులు దొరకవు, దొరికినా కారు వాకిలి దాకా రాదు. పెద్ద సదస్సులు, క్రికెట్ మ్యాచులు ఉన్న వారాల్లో ధరలు ఎగబాకుతాయి. తేదీలు తెలిసిన రోజునే రద్దు కాగల గది ఒకటి పట్టిపెట్టుకుని, తరువాత తీరిగ్గా మెరుగైనది వెదకడం ఉత్తమం.

బయలుదేరే ఉదయం

ముందు రాత్రే హోటల్ బిల్లు చూసి, అల్పాహారం ఎన్నింటికి మొదలవుతుందో కనుక్కోండి. ఓడలో భోజనాలు సమృద్ధిగా ఉంటాయి గానీ, గేటు దగ్గరి వరుసలో మాత్రం ఏమీ ఉండదు. ఇడ్లీ తిని బయలుదేరండి, పిల్లలుంటే రెండు పొట్లాలు కట్టించుకోండి. గుర్తింపు పత్రాలు, బోర్డింగ్ కాగితం పెద్ద పెట్టెలో పెట్టవద్దు, గేటు దగ్గర భద్రతా సిబ్బందికి వెంటనే చూపవలసి ఉంటుంది. పెట్టె ఓడ సిబ్బందికి అప్పగించిన తరువాత గదికి చేరడానికి సాయంత్రం కావచ్చు కాబట్టి, మందులు, ఒక జత బట్టలు భుజానికి వేసుకునే సంచిలోనే ఉంచుకోండి. ఇద్దరికంటే ఎక్కువ మంది, పెద్ద పెట్టెలతో ఉంటే ఆటోకు బదులు పెద్ద కారు మాట్లాడుకుని, హోటల్ నుంచి కదిలేముందే డ్రైవరును ఒక్కమాట అడగండి, కోస్టల్ బ్యాటరీ దారిలో వెళ్తున్నాడా, పాత పోస్టాఫీసు మీదుగానా అని. అతను ఒక క్షణం ఆగి, ఆ పూట ఏది ఖాళీగా ఉందో చెప్పి బండి కదిపితే నిశ్చింతగా కూర్చోవచ్చు. ‘ఏ ఓడ సార్?’ అని తిరిగి అడిగితే మాత్రం పటం తెరిచి అతని పక్క సీట్లో కూర్చోండి.